రెండు కాలనీల యాత్ర

1984లో నేను గాజువాక దాటాక ఉన్న ఒక ప్రభుత్వ హైస్కూల్లో సోషల్ టీచర్ని. మా ఇల్లు విశాఖ పాతపట్నంలో. మా నాన్నకు పూర్ణా మార్కెట్లో టోపీలు, అత్తర్లు అమ్మే చిన్న దుకాణం ఉండేది. పొద్దున్నే రెండు బస్సులు మారి స్కూలుకు వెళ్లేదాన్ని. పిల్లలు నా ఎదుట ‘టీచరుగారు’ అనేవారు, వెనకాల ‘బేగం టీచరు’ అనేవారు. నాకు రెండూ వినబడేవి. చెవులు చురుగ్గా లేనివాళ్లు ఈ ఉద్యోగానికి రాకూడదు.

ఆ స్కూల్లో చాలామంది పిల్లలు ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఖాళీ చేసిన ఊళ్లనుంచి వచ్చినవాళ్లు. వాళ్ల కుటుంబాలకు కొత్త కాలనీల్లో ఇళ్ల స్థలాలు ఇచ్చారు. ఒక్కో ఊరు ఒక్కచోటికే వెళ్లిందనుకోకండి. నేను చెప్పబోయే ఊరు రెండు ముక్కలై రెండు కాలనీలుగా స్థిరపడింది. ఊరి పేరు రాయను. రెండు కాలనీల ముఖద్వారాల మీదా అదే పేరు రాసి ఉండేది. ఆ ద్వారాల వాళ్లకు మాత్రం ఒకరితో ఒకరికి మాటల్లేవు.

ఆ ముందు వేసవిలో మా టీచర్లకు శిక్షణ ఇచ్చి ప్రాజెక్ట్ మెథడ్ అని ఒకటి నేర్పారు. పాఠం మనం చెప్పకుండా, పిల్లలకు ఒక పని అప్పగించి, ఆ పని చేస్తూ వాళ్లే పాఠం పట్టుకునేలా చూడటం. శిక్షణలో విన్నవి స్కూలు గేటు దగ్గరే వదిలేయడం మా వాళ్లకు అలవాటు. నాది కొంచెం మొండి బుర్ర, చేసి చూద్దామనుకున్నాను. తొమ్మిదో తరగతిని గ్రూపులుగా విడగొట్టి, మన చుట్టుపక్కల పాతకాలపు విశేషాలున్న చోట్లు చూపించే ఒకరోజు యాత్ర తయారుచేయమన్నాను. ప్రతి గ్రూపూ ఐటినరరీ రాయాలి. అంటే ఎక్కడ బయల్దేరతాం, ఎక్కడెక్కడ ఆగుతాం, ఆగిన చోట ఏం చూపిస్తాం అన్న క్రమం. ఆగే చోటుని హాల్ట్ అనమన్నాను. అందరికన్నా బాగున్న ప్లానుని నిజంగానే బస్సు కట్టి నడిపిస్తానని హెడ్మాస్టరు ముందే మాటిచ్చాను.

నావి రెండు నియమాలు. ఒక హాల్ట్ అయినా మీ ఇంటి నుంచి నడిచి వెళ్లేంత దగ్గరలో ఉండాలి. ఒక హాల్ట్ నుంచి తర్వాతి హాల్టుకి ఎందుకు వెళ్తున్నామో కారణం చెప్పాలి. దారిలో ఉంది కాబట్టి అంటే సున్నా.

మొదటి ప్లాన్లు చూసి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. ఒక గ్రూపు సింహాచలం, భీమిలిలో డచ్చివాళ్ల సమాధులు, లైట్‌హౌస్, బొజ్జన్నకొండ, రుషికొండ అన్నీ ఒకేరోజులో కుక్కేసింది.

"ఇది యాత్రా, లేక దొంగని పట్టుకుని పోలీసులు ఊరంతా తిప్పడమా?" అన్నాను. "సరే, రుషికొండలో ఏముందని?"

"సముద్రం ఉందండి."

"సముద్రం పాతకాలపు విశేషమేంట్రా?"

"మరి ఎప్పట్నుంచో ఉన్నాది గదండి," అన్నాడు ఆ గ్రూపు కుర్రాడు. వాడికి ఒక మార్కు వేయక తప్పింది కాదు.

ఆ తర్వాత ఒక్కో గ్రూపూ లేచి తన హాల్టు దగ్గర గైడు ఎలా చెప్తాడో అలా చెప్పాలి. నూకరత్నం వంతు వచ్చింది. మాట తక్కువ, చూపు ఎక్కువ అయిన పిల్ల. రెండు కాలనీల్లో ఒక దానిలో ఉండేది. ఆమె తాత సన్యాసయ్య ఆ కాలనీ పెద్ద. పాత ఊరి అమ్మవారి రాయిని బండి మీద తెచ్చి కొత్త చోట నిలబెట్టింది ఆయనే. అప్పట్నుంచీ పసుపు రాసేదీ, చీర కట్టేదీ, పండగ జరిపించేదీ కూడా ఆయనే.

ఇక్కడ తెలియనివాళ్ల కోసం ఒక మాట. మా ఉత్తరాంధ్ర ఊళ్లలో అమ్మవారు చాలాచోట్ల పసుపు రాసిన ఒక రాయే. ఆమె ఎదురుగా ఇంకో రాయి ఉంటుంది. ఆయన పోతరాజు, అమ్మవారి తోడబుట్టినవాడు. మొక్కుబడి మేకల్ని ఆ రాయికే కడతారు. ఇవన్నీ నేను పుస్తకాల్లో చదివినవి కావు, పిల్లలు చెప్పగా తెలుసుకున్నవే.

నూకరత్నం చేతులు కట్టుకుని చెప్పింది. "ఇది మా కాలనీ అమ్మవారి గుడి. పండగ దగ్గర పడితే మా తాత రాయిని కడిగి కొత్త పసుపు రాస్తాడు. ఈసారి నీళ్లు నాను పోసాను. పాత పసుపంతా పోయాక రాయి మెడ చుట్టూ ఒక గాడి కనిపించింది. అది అమ్మవారి హారం గుర్తు."

బాగా చెప్పింది. శభాష్ అనబోతున్నాను. వెనక బెంచీలోంచి అప్పలరాజు లేచాడు. వాడిది రెండో కాలనీ. వాడి పెదనాన్న ఎర్రయ్యది పాత ఊళ్లో తరాలుగా అమ్మవారికి పూజచేసిన ఇల్లు. ఆ కాలనీలోనూ ఒక అమ్మవారు ఉంది, ఆమే అసలు అమ్మవారని వాళ్ల వాదన.

"హారం కాదండి," అన్నాడు వాడు. "అది తాడు ఒరిసి పడ్డ గాడి. మేకల్ని కట్టీ కట్టీ పడతాది. పాత పోతరాజుకి ఉండేదంట. మా కొత్త పోతరాజుకి ఇంకా పడనేదని మా పెదనాన్న అంటాడు. అమ్మోరికి మేకని కడతారేటండి ఎక్కడైనా?"

వాడు గెలవాలని అనలేదు. తెలిసిన జవాబు చెప్పాడంతే. మాట బయటికొచ్చాక అది ఎక్కడ తగిలిందో వాడికి అర్థమై, మొహం పాలిపోయింది. ఆ రెండు కాలనీల పిల్లలు ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. నూకరత్నం కూర్చోలేదు, నిలబడే ఉంది. నేను కూర్చోమని చెప్పి తర్వాతి గ్రూపుని పిలిచాను. వాళ్లు ఏం చెప్పారో నాకిప్పుడు ఒక్క ముక్క గుర్తులేదు.

క్లాసులో పడ్డ మాట గంట కొట్టేదాకానే నా చేతిలో ఉంటుంది. ఆ సాయంత్రానికి రెండు కాలనీలకీ పాకిపోయింది. మర్నాటినుంచి నూకరత్నం స్కూలుకి రావడం మానేసింది. అప్పలరాజు వచ్చేవాడు కానీ తల ఎత్తేవాడు కాదు. పిలిచి అడిగితే, "మా వీధిలో అందరూ నవ్వుతన్నారండి. ఇన్నేళ్లూ ఆలు, ఆ కాలనీవోళ్లు, పోతరాజుకి సీరలు కట్టారని. నాను నవ్వించడానికి అన్నేదండి," అని కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

వారం చూసి నేనే నూకరత్నం ఇంటికి వెళ్లాను. సన్యాసయ్య అరుగు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఎప్పుడూ నలుగురు చుట్టూ ఉండే అరుగని విన్నాను. నన్ను చూసి లేవబోయాడు, కూర్చోమన్నాను.

"పిల్ల స్కూలుకి రావట్లేదు," అన్నాను.

"ఇంక రాదు టీచరమ్మా. బయటికెల్తే గుంటని ఏలెత్తి సూపిత్తన్నారు. దాన్ని మా కూతురు దగ్గరికి అనకాపల్లి పంపించేస్తాను. పండగ కానిచ్చి నానూ ఎల్లిపోతాను. ఇక్కడ ఏ మొహం ఎట్టుకుని ఉంటాను?"

"అప్పలరాజు అన్నది నిజమేనా?"

 ఆయన చెప్పేయడమే తేలికన్నట్టు చెప్పుకుపోయాడు.

"ఊరు ఖాళీ సేసినప్పుడు అమ్మోరు ఎవులితో రావాలని తగువైంది. పూజారోళ్లు రెండు రాళ్లనీ పెకలించి, పసుపు దట్టంగా మెత్తి, గడ్డి మీద పక్కపక్కన పడుకోబెట్టారు. ఆలు బండి తెచ్చేలోగా నాను మావోళ్లని ఏసుకుని బేగి ఎల్లిపోయాను. నిలబెట్టున్నప్పుడు ఏది ఏదో సిన్నపిల్లకి కూడా తెలుసమ్మా. ఎనక అమ్మోరు, ముందు పోతరాజు. పడుకోబెట్టాక రెండూ రాళ్లే. మాకు ముట్టుకునే ఆనవాయితీ నేదు గదా. పెద్దది అమ్మోరే అయ్యుంటాదని దాన్నే బండెక్కించేసాం."

నాకు నవ్వొచ్చింది, ఆపుకున్నాను. వాటాల దగ్గర పెద్దది తీసుకోవడం మనుషులందరికీ ఉన్న గుణమే. దేవుళ్ల దగ్గర కూడా అదే చేశారు.

"ఎప్పుడు తెలిసింది?"

"తొలేడు కడిగినప్పుడే. గాడి సూసి గుండె ఆగిపోయింది."

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా?"

"అప్పటికే ఆడోళ్లు సీరలెట్టీసారమ్మా. మొక్కులు మొక్కీసారు. ఒక బిడ్డకి జొరం తగ్గింది, ఒకలమ్మాయికి సంబంధం కుదిరింది. అమ్మోరి పేరు ఎట్టుకున్న పిల్లలు వీధిలో ఆడుకుంటన్నారు. ఏటని సెప్తాను? ఇప్పుడు ఆలంతా వచ్చి అడుగుతున్నది అదే. మా మొక్కులు ఎవులికి సెల్లాయి అని. ఆ పెట్టి నిండా ఆలిచ్చిన సీరలే. ఒక్కటి కూడా మా ఇంట్లో ఆడది కట్టుకోనేదు."

తెరిచిన తలుపులోంచి చూస్తే గది మూల ఒక ఇనప పెట్టె కనిపించింది. దాని పక్కన గోడకి ఆనుకుని నూకరత్నం నిలబడి ఉంది. అన్నీ వింటోంది.

"పిల్ల తను చూసింది చెప్పింది. అందులో తప్పేముంది?" అన్నాను.

"తప్పు నేదమ్మా. తప్పంతా నాది. గాని దాని మూలాన నా పరువు పోయిందని జనం అంటారు. రేపు అది పెద్దదయ్యాక దానికీ అదే అనిపిస్తాది. అదే నా బెంగ."

ఓదార్చడం నాకు చేతకాదు. మా ఇంట్లో కూడా అందరూ అదే అంటారు. నాకు చేతనైంది పని చెప్పడం. "నూకరత్నం, నీ ప్రాజెక్టు సగమే అయింది," అన్నాను. "నీ మొదటి హాల్ట్ నుంచి రెండో హాల్టుకి ఎందుకు వెళ్లాలో చెప్పలేదు. సోమవారం వచ్చి చెప్పు. హాల్టులు కావాలంటే మార్చుకో. చెప్పకపోతే సున్నా వేస్తాను, నీ కష్టాలు చూసి మార్కులు కలపను." ఆ పిల్ల నా వంక చూసిన చూపులో బాగా కోపం ఉంది. నాకు కాస్త ధైర్యం వచ్చింది. కోపం ఉన్న పిల్ల చదువు మానదు.

సోమవారం వచ్చింది. లేచి నిలబడి, అప్పలరాజుని కూడా లేపింది. రెండు గ్రూపులూ కలిసిపోయాయని చెప్పింది. నల్లబల్ల మీద పాత ప్లాను చెరిపేసి రెండే హాల్టులు రాసింది. మొదటిది తన కాలనీ, రెండోది వాడి కాలనీ.

"మొదటి హాల్టులో ఏముంది?"

"పోతరాజు ఉన్నాడండి. మా పాత ఊరి పోతరాజు." మాట తడబడలేదు. క్లాసులో ఎవరూ నవ్వలేదు.

"రెండో హాల్టులో?"

"అమ్మోరండి," అన్నాడు అప్పలరాజు.

"ఇక్కణ్నుంచి అక్కడికి ఎందుకు వెళ్తున్నాం?"

"సారె ఎట్టుకెల్లడానికండి," అంది నూకరత్నం.

సారె అంటే చెప్పనక్కర్లేదు. పెళ్లయి వెళ్లిన ఆడపడుచుకి పుట్టింటివాళ్లు చీర, గాజులు, పసుపు కుంకుమలు, చలిమిడి తీసుకెళ్లి ఇవ్వడం. నేను పుట్టింది వేరే మతంలో అయినా, అన్నయ్య పండక్కి బట్టలు తెస్తాడని గుమ్మంలో చూసిన ఎదురుచూపులు నాకూ ఉన్నాయి.

"పెట్టిలో సీరలన్నీ అమ్మోరివే గదండి," అంది. "అమ్మోరికని ఇచ్చారు. ఆమె అక్కడుంది, ఈయన ఇక్కడున్నాడు. తోడబుట్టినదాని సీరలు తోడబుట్టినోడు దాసాడు. ఇప్పుడు ఎట్టుకెల్లి ఇస్తాడు. ఎవులి మొక్కూ ఎక్కడికీ పోనేదండి."

ఆ మాట విన్నప్పుడు నేను కుర్చీలోంచి లేచి కిటికీ దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. పిల్లల ముందు టీచరు కళ్లు తుడుచుకోకూడదని ఎక్కడా రాసిలేదు గానీ, నాకు మొహమాటం.

"మీ తాత ఒప్పుకున్నాడా?"

"ఏటీ అన్నేదండి. పెట్టి తాళం నా సేతిలో ఎట్టాడు."

"మీ పెదనాన్న సంగతేంటి?" అని అప్పలరాజుని అడిగాను.

"అడగనేదండి. అడిగితే ఒద్దంటాడు గదండి."

హెడ్మాస్టరు ఒప్పుకోవడానికి కొంత టైం పట్టింది. "యాత్రకి సింహాచలం ఉండగా ఈ కాలనీ గొడవలు మనకెందుకమ్మా?" అన్నారు. నేను నియమాల ప్రకారం మార్కులు వేస్తే ఆ ప్లానుకే ఎక్కువ వచ్చాయని, మాట తప్పితే పిల్లలు మళ్లీ నన్ను నమ్మరని చెప్పాను. ఆయన మంచివాడు, కానీ గొడవలంటే భయం. చివరికి, "నేను మాత్రం బస్సెక్కను," అని సంతకం పెట్టారు.

యాత్ర రోజు మొదటి హాల్టులో మేము దిగేసరికి కాలనీ ఆడవాళ్లు గుడి దగ్గర గుమిగూడి ఉన్నారు. కొందరు పసుపు కుంకుమలు, గాజులు, చలిమిడి పళ్లేల్లో సర్దుకొచ్చారు. కొందరు చేతులు ముడుచుకుని చూస్తున్నారు. ఒక ముసలమ్మ గట్టిగానే అంది. "ఇన్నేళ్లూ అమ్మా అమ్మా అని మొక్కాను. ఇప్పుడు కాదంటే ఎలాగ? నాకు అమ్మోరు కావాల గాని ఈయనెందుకు?"

పక్కనున్నామె ఆమె భుజం తట్టింది. "అమ్మోరి తోడబుట్టినోడంటే మనకి ఏటవుతాడే? మేనమావ. అమ్మకి సెప్పుకోలేనియి కూడా మేనమావకి సెప్పుకుంటాం గదే. రా, పళ్లెం అట్టుకో."

ముసలమ్మ గొణుక్కుంటూనే పళ్లెం అందుకుంది. సన్యాసయ్య ఆ రోజే రాయికి చీర తీసేసి, ఎర్ర పంచె కట్టించాడు. ఆడవాళ్లు కొంతమంది బస్సెక్కారు. పిల్లలు లేచి చోటిచ్చారు. పెట్టెని డ్రైవరు పక్కన ఇంజన్ మూత మీద పెట్టారు. ముసలాయన దారి పొడుగునా దాని మీద చెయ్యి వేసుకుని కూర్చున్నాడు.

రెండో కాలనీ ముఖద్వారం దగ్గర బస్సు ఆగింది. కబురు అప్పటికే చేరింది, మగవాళ్లు దారికి అటూఇటూ నిలబడి ఉన్నారు. పిల్లలు, ఆడవాళ్లు దిగారు. సన్యాసయ్య దిగాడు కానీ ద్వారం దాటలేదు. పెట్టె నేల మీద పెట్టి దాని పక్కన నిలబడ్డాడు. నూకరత్నం తాత చెయ్యి పట్టుకుంది.  ఇక్కడ ఒక్కరు వెటకారంగా మాట్లాడితే ఆ ముసలాయన తిరిగి తన కాలనీకి కూడా వెళ్లలేడు. ఆ పిల్ల ఇంక ఏ స్కూల్లోనూ నోరు విప్పదు.

మాట రానే వచ్చింది. గుంపులోంచి ఒక కుర్రాడు, "పోతరాజుకి సీర ఇప్పీసారా?" అన్నాడు. ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"నోరుముయ్యరా," అన్న గొంతు వినిపించింది. ఎర్రయ్య, అప్పలరాజు పెదనాన్న, గుంపుని తోసుకుని ముందుకొచ్చాడు. చేతిలో ఏమీ లేదు. ముసలాయన ఎదురుగా వచ్చి ఆగాడు. ఇద్దరూ ఊరు విడిచిన రోజు తర్వాత ఎదురెదురుగా నిలబడటం అదే మొదలని తర్వాత తెలిసింది.

"అందరూ ఇనండి," అన్నాడు ఎర్రయ్య. "ఆ రోజు రెండు రాళ్లనీ పడుకోబెట్టింది నానే. బండి తెచ్చి సూసేసరికి పెద్దది నేదు. ఏది పోయిందో నాకు అప్పుడే తెలుసు. సెప్తే మళ్లీ బండి కట్టుకొచ్చి అమ్మోరిని అట్టుకుపోతారని నోరు మూసుకున్నాను. పోతరాజు మట్టిలో కూరుకుపోయాడని మీకు అబద్ధం సెప్పాను. ఈయన తెలీక తెచ్చుకున్నాడు. నాను తెలిసి దాసాను. నవ్వితే నన్ను సూసి నవ్వండి."

ఎవరూ నవ్వలేదు. ఎర్రయ్య అప్పలరాజుని చెంబుతో నీళ్లు తెమ్మన్నాడు. వాడు పరుగున వెళ్లి తెచ్చాడు. ఎర్రయ్య ఆ చెంబు తీసుకుని సన్యాసయ్య కాళ్ల దగ్గర వంగాడు.

"సారె తెచ్చినోడు ద్వారం బయట నిలబడకూడదు బావా. కాళ్లు కడుక్కుని లోపలికి రా," అన్నాడు.

సన్యాసయ్య అప్పుడు ఏడ్చాడు. చిన్నపిల్లల ముందు, ఆడవాళ్ల ముందు, దాచుకోకుండా ఏడ్చాడు. తర్వాత పెట్టె ఒక కొస ఆయన, రెండో కొస ఎర్రయ్య పట్టుకుని నడిచారు. వాళ్ల వెనక ఆడవాళ్లు, ఆ వెనక మా తొమ్మిదో తరగతి. నేను గుడి బయటే ఉండిపోబోతే, ఇందాక గొణుక్కుంటూ పళ్లెం అందుకున్న ముసలమ్మ, "నువ్వు రావేటమ్మా, బస్సు కట్టిందానివి," అని చెయ్యి పట్టి లాక్కెళ్లింది. ఒక్కో చీరా విప్పి, ఎవరు ఎందుకు మొక్కుకున్నదో చెప్పి, అమ్మవారి ముందు పెట్టారు. అది అయ్యేసరికి మధ్యాహ్న భోజనం వేళ దాటిపోయింది. ఏ పిల్లా ఆకలని అనలేదు.

ఆ పిల్ల నాకు నేర్పింది రాసి ముగిస్తాను. అప్పటిదాకా నా ఉద్యోగంలో నిజం చెప్పడంతో పని అయిపోతుందని అనుకునేదాన్ని. తప్పు జవాబుని కొట్టేసి ఒప్పు జవాబు రాయడమే కదా మేము చేసేది. నూకరత్నం నిజాన్ని కొంచెం కూడా తగ్గించలేదు, పోతరాజుని పోతరాజు అనే అంది. అని, ఆ నిజంలో తన తాత నిలబడడానికి ఒక చోటు వెతికిపెట్టింది. ఆ తర్వాత ఎవరి తప్పు దిద్దాల్సి వచ్చినా, దిద్దాక ఆ మనిషి ఎక్కడ నిలబడతాడని ముందే ఆలోచించుకోవడం అలవాటు చేసుకున్నాను. అన్నిసార్లూ చోటు దొరకలేదు.

రిటైరయ్యాక ఒకసారి రెండో కాలనీ అమ్మవారి పండగకి వెళ్లాను. మొదటి కాలనీ నుంచి డప్పులతో సారె వస్తోంది. మైకు పట్టుకున్న కుర్రాడు నన్ను ఎవరో కొత్తవాళ్లనుకుని దగ్గరికొచ్చి, పోతరాజు సారె రాకుండా పండగ మొదలవదని వివరించాడు.

"ఎప్పటి నుంచి బాబూ ఈ ఆచారం?" అన్నాను.

"తెలవదమ్మా. మా ఊరు పుట్టినప్పట్నుంచీ ఉన్నాది," అన్నాడు.

నేను సోషల్ టీచర్ని. దిద్దాలని నోటిదాకా వచ్చింది. దిద్దలేదు.